జోనా పెల్లుసిడా శుక్రకణాన్ని ఆపి పోషకాలను లోపలికి ఎలా వదులుతుంది?

ప్రశ్న (శ్రీకాకుళం, జంతుశాస్త్ర అధ్యాపకురాలు):
అందరికీ నమస్కారం. ఫలదీకరణ జరిగాక అండం చుట్టూ ఉన్న జోనా పెల్లుసిడా మార్పు చెంది మరో శుక్రకణాన్ని రానివ్వదని తరగతిలో చెప్పినప్పుడు, ఒక విద్యార్థిని "శుక్రకణాన్నే ఆపిన పొర గ్లూకోజును, ప్రోటీన్లను ఎందుకు ఆపదు మేడం?" అని అడిగింది. రంధ్రాల పరిమాణమే కారణమని చెప్పడానికి నాకు మనసొప్పలేదు, ఎందుకంటే అంతకుముందు అదే పొరను ఒక శుక్రకణం దాటింది కదా. పిండం గర్భాశయానికి అంటుకునేలోపు ఈ పొరలోంచి ఏవి వెళ్తాయో, ఏవి ఆగుతాయో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (విజయనగరం, విశ్రాంత పశువైద్యుడు):
మేడం గారూ, ఆ అమ్మాయి సరైన చోటే పట్టుకుంది. శుక్రకణం రంధ్రంలోంచి జారి రాదు. జోనా ఉపరితలాన్ని పట్టుకుని, తోకను బలంగా ఆడిస్తూ దారి చేసుకుని వస్తుంది. ఫలదీకరణ తర్వాత అండం అంచున ఉన్న రేణువుల నుంచి ఓవాస్టాసిన్ అనే ఎంజైమ్ వెలువడి జోనాలోని జెడ్‌పీ2 అనే గ్లైకోప్రోటీన్‌ను (చక్కెరలు అతికిన ప్రోటీన్) కత్తిరిస్తుంది కాబట్టి తర్వాత వచ్చే శుక్రకణానికి పట్టు దొరకదు. అక్కడ పోయింది పట్టే తప్ప, రంధ్రాలు మూసుకుపోలేదు. గ్లూకోజుకు ఆ పట్టుతో పనే లేదు.

దీనికి కంటికి కనిపించే నిదర్శనం ఒకటి ఉంది. పిండాన్ని చిక్కటి సుక్రోజ్ ద్రావణంలో ఉంచితే లోపలి కణాలు నీటిని కోల్పోయి ముడుచుకుంటాయి కానీ జోనా గుండ్రంగానే నిలుస్తుంది, మధ్యలో ఖాళీ పెరుగుతుంది. అంటే సుక్రోజ్ జోనాను దాటి వెళ్లి కణత్వచం దగ్గర ఆగిందన్నమాట. ఎలుక పిండాలలోనైతే సుమారు 1,50,000 డాల్టన్ల (అణువుల బరువుకు కొలమానం) ఐజీజీ ప్రతిరక్షకం కూడా జోనాను దాటుతుంది. గ్లూకోజ్ బరువు 180 డాల్టన్లే.

కాబట్టి అసలు ఎంపిక కణత్వచం దగ్గరే జరుగుతుంది. గ్లూకోజ్ జోనాను సులభంగానే దాటినా ఎలుక ఏకకణ పిండం గ్లూకోజ్ ఒక్కదానితో ఎదగలేదు, దానికి పైరువేట్ (గ్లూకోజ్ విడిపోయినప్పుడు వచ్చే చిన్న అణువు) కావాలి. బ్లాస్టోసిస్ట్ దశకు (లోపల ద్రవం నిండిన బంతిలా పిండం మారే దశ) వచ్చేసరికి బయటి వరుస కణాలు బిగుతైన సంధులతో అతుక్కుని మరో గోడగా మారతాయి. 1975లో సోల్టర్, నోల్స్ చేసిన ప్రయోగంలో ప్రతిరక్షకాలు, కాంప్లిమెంట్ (ప్రతిరక్షకం అంటుకున్న కణాలను చంపే రక్తప్రోటీన్లు) కలిసి ఆ బయటి కణాలను చంపాయి కానీ లోపలి కణసముదాయం బతికింది. నా దృష్టిలో విద్యార్థులకు తప్పక చెప్పవలసిన ప్రయోగం ఇదే.

జవాబు (గరివిడి, పశువైద్య పీజీ విద్యార్థి):
డాక్టర్ గారు చెప్పినదానికి ఒక్క మాట చేర్చడానికి అనుమతించండి. పరిమాణంతో పాటు అతుక్కునే గుణాన్ని కూడా చూడాలి. జోనా మన జూట్ మిల్లుల గోనెపట్ట లాంటిది: నీరు దిగిపోతుంది, గింజ నిలుస్తుంది, సన్నని దుమ్ము మాత్రం నారలోనే చిక్కుకుంటుంది. వైరస్‌ల విషయంలో ఇది చాలా ముఖ్యం. సుమారు 30 నానోమీటర్ల మెంగోవైరస్ ఎలుక జోనాను దాటుతుందని 1967లోనే గ్వాట్కిన్ చూపారు. ఆవు పిండాలలో బొవైన్ హెర్పిస్ వైరస్-1 చెక్కుచెదరని జోనాను దాటి కణాలకు సోకదు కానీ, ఉపరితలానికి గట్టిగా అంటుకుంటుంది. అందుకే పిండ మార్పిడికి (పిండాన్ని మరో ఆవు గర్భాశయంలో పెట్టడానికి) ముందు, ప్రతిసారీ కనీసం 100 రెట్లు పలచనయ్యేలా 10 సార్లు కడుగుతారు, అంటుకునే వైరస్‌ల కోసం మధ్యలో ట్రిప్సిన్ (ప్రోటీన్లను తెంచే ఎంజైమ్) వాడతారు, జోనాలో పగులు లేదని కనీసం 50 రెట్లు పెద్దదిగా చూసి నిర్ధారించుకుంటారు. పగులుంటే ఈ రక్షణను నమ్మడానికి లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అన్ని క్షీరదాలలో ఈ ఒక్క పొరే ఉంటుందా?

జవాబు (విజయనగరం, విశ్రాంత పశువైద్యుడు):
ఉండదమ్మా. కుందేలులో పిండం అండవాహిక గుండా వస్తున్నప్పుడే జోనాపై మందమైన మ్యూసిన్ పొర పేరుకుంటుంది. గుర్రంలో పిండం గర్భాశయానికి చేరాక జోనా లోపల క్యాప్సూల్ అనే కొత్త పొర ఏర్పడుతుంది, ఆపై జోనా రాలిపోయినా అది దాదాపు 21వ రోజు వరకు ఉంటుంది. పిండాన్ని గడ్డకట్టించి నిల్వచేసేటప్పుడు లోపలికి వెళ్లవలసిన రక్షక ద్రావణాలకు ఈ క్యాప్సూల్ కొంత అడ్డు తగులుతుంది. దానికి తోడు బ్లాస్టోసిస్ట్ లోపల ద్రవం ఎక్కువగా ఉంటుంది. అందువల్ల 300 మైక్రోమీటర్లు దాటిన గుర్రపు పిండాలు గడ్డకట్టించాక సరిగా బతికేవి కావు. సన్నని సూదితో గుచ్చి ఆ ద్రవాన్ని తీసివేసే పద్ధతి వచ్చాకనే పెద్ద పిండాలలోనూ మంచి ఫలితాలు కనిపించాయి.