‘అల్పాక్షరముల న____రచన’: ఆ ఖాళీలో ఉన్నది అనల్పార్థమా, అసందిగ్ధమా?

మరమేకు:
ఒక ద్విపద నాలిక చివర ఆడుతోంది, పూర్తిగా పట్టుబడటం లేదు. "అల్పాక్షరముల న... రచన / కల్పించుటయ కాదె కవివివేకంబు". మధ్యలో ఉన్నది "అనల్పార్థ" అని ఒకసారి, "అసందిగ్ధ" అని ఇంకోసారి అనిపిస్తోంది. రెండూ గణాల్లో ఇమిడిపోతున్నాయి, అదీ చిక్కు. కొత్తగా చేరే ఇంజనీర్లకి డిజైన్ డాక్యుమెంట్లు, మాన్యువళ్ళు, ప్రమాద నివేదికలు ఎలా రాయాలో చెప్పే చిన్న గైడు ఒకటి తయారుచేస్తున్నాను. మొదటి పేజీలో ఈ ద్విపద పెడదామని. కానీ ఏ మాట అన్నదాన్ని బట్టి గైడు చెప్పే సంగతే మారిపోతుంది. ఒకటేమో తక్కువ మాటల్లో ఎక్కువ చెప్పమంటోంది, రెండోదేమో తక్కువ మాటల్లో ఒక్కటే అర్థమయ్యేలా చెప్పమంటోంది. నాకు కావలసింది రెండోది.

అరసున్న:
గణాలు రెండింటికీ సరిపోతాయి, నిజమే. అల్పాక్ష-రములన-సందిగ్ధ-రచన అన్నా త, నల, త, న అనే వస్తుంది. కానీ యతి చూడండి. మూడో గణం "సందిగ్ధ" అయితే అకారానికీ సకారానికీ మైత్రి ఎక్కడిది? "నల్పార్థ" అయితే అన్+అల్ప కాబట్టి నకారం మీది అచ్చు అకారమే, స్వరయతి చెల్లింది. పాల్కురికి సోమన బసవపురాణంలో ఉన్నది అనల్పార్థరచనే. పాఠం సంగతి ఇక్కడితో తేలిపోయింది.

గోరువంక:
పాఠం సరే, యతి గురించి మాత్రం ఒప్పుకోను. అల్పా–నల్పా అని ప్రాసయతి కళ్ళెదుట కనిపిస్తుంటే మాటని మధ్యకి విరిచి స్వరయతి వెతకడం ఎందుకండీ? రెండు చోట్లా మొదటి అక్షరం గురువు, రెండో అక్షరం ల్పా. ఇంకేం కావాలి?

అరసున్న:
ప్రాస పాటించిన ద్విపదలో మళ్ళీ ప్రాసయతి ఎందుకు వేస్తాడండీ?

గోరువంక:
సోమన వేస్తాడు. లాక్షణికులు గీసిన గీతల్లో నడిచే కవి కాదు ఆయన. ఇది చిన్న విషయమూ కాదు. స్వరయతి అంటే ఆ పదాన్ని "అన్" దగ్గర ఆపి, "అల్ప" మీద నొక్కి చదవాలి. అప్పుడు అల్పానికి ఎదురుగా అల్పం నిలబడి, ‘కాదు’ అన్న మాట వేరుగా వినిపిస్తుంది. ప్రాసయతి అనుకుంటే "అనల్ప" ఒకే ఊపులో సాగిపోతుంది. చదివే తీరే మారిపోతుంది.

పాతపుటలు:
ఈ రెండు పాదాల్నీ విడిగా ఎత్తి చూపడం అందరికీ అలవాటైపోయింది. దీనికి పైన ఉన్న తూము, సోల మాట చూశారా? తూము సరైన కొలత అయితే సోలా సరైన కొలతే కాదా, "బాటింప సోలయు బాటియ కాదె" అంటాడు. తెలుగు మాటలని చులకన చేయకండి, వేదాలకి సాటిగా చూడండి అని చెప్పి, అందుకు ఉపపత్తిగా ఈ కొలతల సంగతి తెచ్చి, ఆ తర్వాత అల్పాక్షరాల దగ్గరికి వస్తాడు. అంటే ఆయన వాదమంతా పొదుపు గురించి కాదు. చిన్న కొలపాత్రకి కూడా పెద్ద కొలపాత్రకున్నంత ప్రామాణ్యం ఉంటుందని. ఇంజనీర్ల గైడుకి ఎత్తుకోవలసింది నిజానికి ఈ సోల పాదమే. కొలత గురించిన కవిత్వం కొలతలతో పనిచేసేవాళ్ళకి కాక ఇంకెవరికి నచ్చుతుంది?

వడపోత:
మరమేకు గారికి "అసందిగ్ధ" ఎక్కడినుంచి వచ్చి చేరిందో చెప్పగలను. సూత్రలక్షణ శ్లోకం నుంచి. "అల్పాక్షర మసందిగ్ధం సారవద్ విశ్వతోముఖమ్ / అస్తోభ మనవద్యం చ సూత్రం సూత్రవిదో విదుః". ఇందులోనూ మొదటి మాట అల్పాక్షరమే, కాబట్టి రెండూ కలిసిపోయాయి. గైడుకి సోమన కంటే ఈ శ్లోకమే వెయ్యి రెట్లు నయం. అల్పాక్షరం అన్న వెంటనే అసందిగ్ధం అన్నాడు చూడండి, ఆ వరుసలోనే అంతా ఉంది. "అస్తోభం" మరీ బాగుంది. సామగానంలో రాగం నిలపడానికి వేసే హాఉ, హోయి లాంటి అక్షరాలు స్తోభాలు. వాటికి పాటలో పని ఉంది, సూత్రంలో లేదు. మన రిపోర్టుల్లో "పైన పేర్కొన్న విషయాన్ని దృష్టిలో ఉంచుకుని", "ఈ సందర్భంగా గమనించదగ్గ విషయం ఏమిటంటే" లాంటివన్నీ స్తోభాలే.

అరసున్న:
"విశ్వతోముఖం" వదిలేశారేం? అన్ని వైపులకీ ముఖం ఉన్నది అని. అసందిగ్ధం అన్న నోటితోనే విశ్వతోముఖం అన్నాడు. ఒకే అర్థం ఉండాలి, కానీ అది ఎన్నో సందర్భాలకి వర్తించాలి. ఇంజనీరింగ్ స్టాండర్డు రాసేవాళ్ళకి ఉన్న తలనొప్పి సరిగ్గా ఇదే.

వడపోత:
వదిలేయలేదు, తర్వాత చెబుదామనుకున్నాను. ఇంకో సంగతి. సూత్రాలు పొట్టిగా ఉండగలిగింది అనువృత్తి వల్ల. పాణిని పై సూత్రంలో చెప్పిన మాట కింది సూత్రాలకి దానంతటదే దిగివస్తుంది, మళ్ళీ రాయక్కర్లేదు. అర్ధమాత్ర తగ్గితే కొడుకు పుట్టినంత పండుగ చేసుకునే వైయాకరణులు చేసిన ఏర్పాటు అది. పాణిని వ్యాకరణం అష్టాధ్యాయి మొత్తం కంఠస్థం అయినవాడికే అది పనిచేస్తుంది. మాన్యువల్ని అలా ఎవరూ చదవరు. వెతుకుపెట్టెలో ఒక మాట కొట్టి నేరుగా నలభయ్యో పేజీలో దిగుతారు, అక్కడ "ముందు చెప్పినట్టే బిగించండి" అని ఉంటుంది. ముందంటే ఎక్కడ? ఎంత బిగువు? ఆ పేజీలో టార్క్ విలువ మళ్ళీ రాస్తే పోయేదేముంది? ఇంజనీర్లకి "ఒక విషయం ఒక్కచోటే ఉండాలి" అన్న నియమం కోడ్ రాసేటప్పుడు ఒంటబడుతుంది, దాన్ని తెచ్చి వాక్యాలకీ పెడతారు. భద్రతకి సంబంధించిన అంకె ఎన్నిచోట్ల అవసరమైతే అన్నిచోట్లా ఉండాలి. అన్నీ ఒకే మూలం నుంచి తీసుకునేలా ఏర్పాటు చేసుకోవచ్చు, అది రాసేవాడి బాధ, చదివేవాడిది కాదు.

మరమేకు:
నేను అడిగిన ఖాళీ నిండింది, సంతోషం. కానీ అనల్పార్థం అంటే ఏమిటి? గొప్ప అర్థమా, బోలెడు అర్థాలా?

పాతపుటలు:
గొప్ప అర్థం. సందేహం అక్కర్లేదు.

గోరువంక:
సందేహం అక్కర్లేకపోవడమేమిటండీ? సమాసంలోకి వెళ్ళాక మాట వచనం పోగొట్టుకుంటుంది. "అనల్పమైన అర్థం" అని విప్పవచ్చు, "అనల్పములైన అర్థాలు" అనీ విప్పవచ్చు. కవికి రెండోది కూడా గౌరవమే. శ్లేష పుట్టేదే అక్కడ. ఇంజనీరుకి మాత్రం రెండోది ప్రమాదం. అసలు సమాసమే ప్రమాదం అంటాను. "అధిక పీడన నియంత్రణ కవాట పరీక్ష" అని రాశారనుకోండి, అధికం దేనికి, పీడనానికా, నియంత్రణకా? పరీక్ష కవాటానికా, నియంత్రణకా? రాసినవాడికి తెలుసు, వాడు లేనప్పుడు చదివినవాడికి తెలియదు. నాలుగు నామవాచకాలు వరుసగా పేర్చేబదులు మధ్యలో "ని, కి, తో, లో" వేసి "పీడనం ఎక్కువైనప్పుడు దాన్ని అదుపుచేసే వాల్వుని పరీక్షించడం" అంటే అక్షరాలు పెరుగుతాయి, అర్థం నిలబడుతుంది. విభక్తి ప్రత్యయాలు మనకున్న పెద్ద ఆస్తి, వాటిని మిగుల్చుకుని ఏం చేసుకుంటాం?

నీలిగీత:
అల్పాక్షరం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి థెరాక్-25 గుర్తుచేస్తాను. క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985 నుంచి 1987 వరకు ఆరు ప్రమాదాల్లో రోగులకి ఇవ్వాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు పడింది. వాటిలో 1986 నాటి ఒక ప్రమాదంలో తెర మీద వచ్చింది ఇంతే: "మాల్‌ఫంక్షన్ 54". ఆపరేటర్ల మాన్యువల్లో దాని అర్థం వివరించలేదు. మోతాదు తేడా వచ్చిందని చెప్పే సంకేతం అది, ఎక్కువ పడిందో తక్కువ పడిందో కూడా చెప్పదు. అలాంటి సందేశాలు మాటిమాటికీ వచ్చేవి కాబట్టి ఆపరేటర్ కొనసాగించమని మీట నొక్కింది. తప్పు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది, రాతలో కాదు. కానీ రెండోసారి మీట నొక్కకుండా ఆపగలిగింది ఆ ఒక్క వాక్యమే, అదేమో లేదు. ఏం జరిగింది, దానివల్ల ఏమవుతుంది, ఇప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు: ఇవి లేని ఎర్రర్ మెసేజ్ పొట్టిగా ఉందని మెచ్చుకోలేం.

పాతపుటలు:
అది అల్పాక్షరం కాదు, అల్పార్థం. సోమనని అనకండి.

నీలిగీత:
సోమనని అనడం లేదండీ. ఇంకోటి కూడా చూడండి. 2003లో కొలంబియా షటిల్ అంతరిక్షంలో ఉండగా, ప్రయోగ సమయంలో ఊడి రెక్కకి తగిలిన నురుగు (ఫోమ్) ముక్క గురించి ఇంజనీర్లు ఒక స్లైడు తయారుచేశారు. అందులో "సిగ్నిఫికెంట్" అనే మాట ఐదుసార్లు వస్తుంది, ప్రతిచోటా ఒకే అర్థంలో కాదు. అసలు సంగతి అట్టడుగు పంక్తిలో ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, షటిల్‌కి తగిలిందనుకున్నది 1920 ఘనపు అంగుళాలు. అంటే 640 రెట్లు పెద్దది, ఆ పరీక్షల ఫలితాలు దీనికి పనికిరావు. ఇది శీర్షికలో ఉండాల్సిన వాక్యం. ఆ స్లైడు పద్ధతిని ప్రమాద విచారణ బోర్డు నివేదికలోనే విమర్శించారు. తెలిసింది ముందు, దాని ఆధారం తర్వాత, అన్న ఒక్క క్రమం కొత్తవాళ్ళకి నేర్పగలిగితే మీ గైడు సగం పని చేసినట్టే. మనం పరిశోధన చేసిన వరుసలో రాస్తాం, చదివేవాడికి కావలసిన వరుస దానికి తలకిందులు.

అరసున్న:
యూనిట్ల వల్ల పోయిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ని మరిచారు. 1999.

నీలిగీత:
మరవలేదు, కావాలనే వదిలాను. అక్కడ ఒప్పందపత్రంలో న్యూటన్-సెకండ్లని స్పష్టంగానే రాసి ఉంది. సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకండ్లలో ఇచ్చింది. రాత బాగున్నా పాటించకపోతే ఏమవుతుందన్న దానికి అది ఉదాహరణ, మన చర్చకి కాదు.

గోరువంక:
ఒక మాటకి ఒకే అర్థం అన్న దగ్గరికి వస్తే, విమానాల మాన్యువళ్ళకి వాడే ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అనే నియమావళి ఉంది. పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, వివరించే వాక్యం 25 దాటకూడదు. "ఫాలో" అన్న క్రియ ‘తర్వాత రావడం’ అన్న అర్థంలోనే వాడాలి, ‘నియమాన్ని పాటించడం’ అన్న అర్థంలో వాడకూడదు. తెలుగుకి అలాంటిది తయారుచేస్తే మొదట పట్టుకోవలసింది "తీయు", "వేయు". తలుపు తీయండి అంటే తెరవండి. లైటు తీయండి అంటే ఆర్పండి. మూత తీయండి అంటే ఊడదీయండి. మరి "వాల్వు తీయండి" అంటే? తెరవమనా, విప్పి పక్కన పెట్టమనా? లోపల ఆవిరి ఉంటే ఈ రెంటికీ మధ్య ఉన్నది ఒక మనిషి ప్రాణం. మాట్లాడేటప్పుడు చెయ్యి చూపిస్తాం, సరిపోతుంది. కాగితం మీద చెయ్యి లేదు. తెరవండి, మూయండి, విప్పండి, బిగించండి, ఆపండి అని ఒక్కో పనికి ఒక్కో క్రియ కేటాయించి "తీయు"ని పూర్తిగా మానేయమంటాను.

వడపోత:
దానితోపాటు "బడు" కూడా. "వాల్వు మూయబడును". ఎవరు మూస్తారు? దానంతటదే మూసుకుంటుందా, నేను మూయాలా? "వాల్వు తనంతట మూసుకుంటుంది", "ఆపరేటర్ వాల్వుని మూయాలి". కర్తని దాచి రాస్తే శాస్త్రీయంగా ఉంటుందన్న అపోహ ఎక్కడ మొదలైందో గానీ నివేదికల్లో మరీ ముదిరింది. "లోపం గుర్తించబడలేదు" అని రాస్తే అసలు ఎవరైనా వెతికారా లేదా అన్నదే తెలియదు.

పాతపుటలు:
అందుకే మళ్ళీ సోమన దగ్గరికే వస్తున్నాను. "సరసమై పరగిన జానుతెనుంగు / చర్చింపగా సర్వసామాన్య మగుట" అన్నాడు. సర్వసామాన్యం, అందరికీ అందేది. గద్యపద్యాలు రాయలేక ద్విపద పట్టుకోలేదు ఆయన, చదివేవాళ్ళెవరో చూసుకుని పట్టుకున్నాడు. మరమేకు గారూ, గైడు మొదటి పేజీకి ఇది పెట్టండి.

అరసున్న:
ఆ "జాను" అంటే ఏమిటో ముందు తేలాలి కదండీ. కన్నడ "జాణ్" నుంచి వచ్చిందంటే నేర్పు, సొగసు అవుతుంది గానీ సులువు కాదు. సొగసైన తెలుగు అందరికీ అందే తెలుగు కావాలని ఏముంది?

పాతపుటలు:
కావాలని సోమనే అంటున్నాడు, పక్క పాదంలోనే. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. దాన్ని విడగొట్టి నిఘంటువుకి అప్పగించడం మీకు అలవాటు.

అరసున్న:
విడగొట్టకుండా చదివితే "సర్వసామాన్య మగుట" అన్నది జానుతెనుగుకి చెందుతుందా, కింది ద్విపదలకి చెందుతుందా? మీరే చెప్పండి.

మరమేకు:
నాకు ఇంకో చిక్కు వచ్చిపడింది, దానికి ఎవరైనా సాయం చేయండి. ఇంటర్నెట్ ప్రమాణాల్లో 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2119 మస్ట్, షుడ్, మే అనే మాటలకి బిగువైన నిర్వచనాలిచ్చింది. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8174 వచ్చి, పెద్దక్షరాల్లో రాసినప్పుడే ఆ నిర్వచనాలు వర్తిస్తాయంది. మనకి పెద్దక్షరాలు లేవు. "మస్ట్"కి తప్పనిసరిగా అనొచ్చు. "మే"కి "వచ్చు" అంటే, "రెండో పంపు ఆగవచ్చు" అన్న వాక్యం ఆగడానికి అనుమతి ఇస్తోందా, ఆగే ప్రమాదం ఉందని హెచ్చరిస్తోందా?

గోరువంక:
అనుమతికి "వచ్చు" ఉంచి, సంభావ్యతకి "ఆగే అవకాశం ఉంది" అని రాయండి.

వడపోత:
"అవకాశం" మళ్ళీ మంచి అర్థంలో వినిపిస్తుంది. "ఆగిపోయే ప్రమాదం ఉంది" నయం. వ్యతిరేకంలో ఇంకా చిక్కు. "అలారం మోగకపోవచ్చు" అంటే మోగకపోయినా నియమభంగం కాదనా, మోగుతుందని నమ్ముకోవద్దనా?

అరసున్న:
దానికి ముందు "వచ్చు" ఇక్కడ సహాయక్రియా, ప్రత్యయమా అన్నది తేల్చుకుందాం.