గుంటూరులో పడమటి గోడకు పచ్చదనం: పాకెట్లా, తీగలా?

గోరంట్ల_ఇల్లు:
రెండంతస్తుల ఇల్లు, 9 అంగుళాల ఇటుక గోడ. పడమర వైపు 20 అడుగుల వెడల్పు, 22 అడుగుల ఎత్తు. ఎదురుగా చెట్టు గానీ మేడ గానీ అడ్డం లేదు. ఏప్రిల్ మొదలైతే చాలు, రాత్రి పదింటికి కూడా లోపలివైపు గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతోంది. గోడకు తగిలించే ఫెల్టు (మందపాటి గుడ్డ) పాకెట్లలో మనీప్లాంట్, రియో మొక్కలు పెట్టి గోడంతా నింపుతామని ఒక కొటేషన్ వచ్చింది. నేల నల్లరేగడి, నీళ్లు బోరువి, టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పులు) 1400. ఈ ఎండకు పాకెట్లు నిలుస్తాయా? గోడకు చెమ్మ పడుతుందా? కొలతలతో సహా చెప్పండి.

సైట్_ఇంజినీర్:
పాకెట్లు వద్దండీ. తడిసిన పాకెట్లు చదరపు మీటరుకు 40 నుంచి 60 కిలోలు తూగుతాయి. మీ గోడ 41 చదరపు మీటర్లు, అంటే రమారమి రెండు టన్నులు. పైగా ఒక్కో పాకెట్లో పట్టేది రెండు మూడు లీటర్ల మట్టి. రోహిణి కార్తెలో వడగాలికి అది కొన్ని గంటల్లో ఎండిపోతుంది. ఒక్క పూట కరెంటు పోయి మోటారు ఆడకపోతే మొక్కలు మాడతాయి. మనీప్లాంట్ నీడ మొక్క, పడమటెండకు ఆకు కాలిపోతుంది.

మీ గోడకు సరిపోయేది కింద నుంచి పాకే తీగ. 25 మి.మీ. యాంగిల్ ఫ్రేములో 3 అంగుళాల గడి జీఐ వెల్డ్ మెష్ (జింకు పూత ఉన్న ఇనుప వల) బిగించి, గోడకు 6 అంగుళాల సందు వదలండి. ఆ సందులో గాలి ఆడితేనే గోడ చల్లబడుతుంది, చెమ్మా నిలవదు. బ్రాకెట్లు వీలైనంతవరకు స్లాబు బీముకు, లింటెల్‌కు పడాలి. ఇటుకలోకి వెళ్లక తప్పనిచోట కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురు పోసి బిగించే బోల్టు) వాడండి, మామూలు ఎక్స్‌పాన్షన్ బోల్టు ఇటుకను పగలగొడుతుంది. బ్రాకెట్ బయటివైపుకు కొద్దిగా వాలి ఉండాలి. లోపలికి వాలితే వాన నీరు దాని మీదుగా జారి నేరుగా బోల్టు రంధ్రంలోకి దిగుతుంది. చెమ్మ మొదలయ్యేది చాలాసార్లు అక్కడే.

ఫ్రేములు విప్పి తీసేలా 4 అడుగుల ముక్కలుగా చేయించండి, రేపు రంగు వేయాలంటే తిప్పలుండవు. కోసిన చివరలకు జింకు పెయింటు మరవద్దు. ఆకు నిండిన మెష్ గాలికి తెరచాపలా పట్టుకుంటుంది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది పక్కనున్న బాపట్ల దగ్గరే కదా, కాబట్టి బోల్టుల దగ్గర పిసినారితనం వద్దు.

అసలు జాగ్రత్త నల్లరేగడితో. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. పునాదిని ఆనుకుని గుంత తీసి రోజూ నీళ్లు పెడితే గోడ పగుళ్లిస్తుంది. అందుకే నేలమీదే తొట్టి కట్టండి: అడుగున కాంక్రీటు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు, లోపల వాటర్‌ప్రూఫ్ పూత, నీరు పోయే రంధ్రాలు కాలువ వైపుకు.

తీగమల్లె:
ఆ తొట్టికి రాధామనోహరం మేలండీ. పడమటెండకు జంకదు, సాయంత్రం గుత్తులు తెల్లగా విచ్చి తెల్లవారేసరికి గులాబీ రంగుకు తిరుగుతాయి. 20 అడుగులకు ఐదు మొక్కలు చాలు. నేరుగా పైకి వదిలేస్తే అడుగున బోసి కాడలే మిగులుతాయి. మూడడుగులకు రాగానే కొన తుంచి, కొమ్మలను మెష్ మీద పక్కలకు కట్టండి. మాధవీలత కూడా బాగుంటుంది, కాకపోతే నెమ్మది. గోడకు వేళ్లతో అంటుకునే ఫైకస్ తీగ మాత్రం వద్దు, పీకితే ప్లాస్టరింగూ ఊడి వస్తుంది. గోడ పగుళ్లలో రావి మొలక కనిపిస్తే వేలెడంత ఉన్నప్పుడే లాగేయండి.

తొట్టిలోకి ఎర్రమట్టి రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు. పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

డ్రిప్_బెజవాడ:
తొట్టికి డ్రిప్ పైపు వేస్తే, బోరు నీరు టీడీఎస్ 1400 కాబట్టి డ్రిప్పర్ (నీరు చుక్కలుగా వదిలే బిళ్ల) మూతి దగ్గర తెల్లటి పొక్కు కడుతుంది. 120 మెష్ ఫిల్టర్ ఇసుకను ఆపుతుంది గానీ కరిగిన ఉప్పును ఆపలేదు. నెలకోసారి డ్రిప్పర్లు తీసి నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో రాత్రంతా నానబెట్టి, ఎండ్ క్యాపు విప్పి పైపు కడగండి. ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి వాడుకోండి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. ఆర్వో వదిలే నీళ్లు మాత్రం పోయొద్దు.

వేసవిలో ఎదిగిన మొక్కకు రోజుకు 20 లీటర్లు చూసుకోండి. ఐదింటికి 100. లీటరు నీరు ఆవిరవడానికి 0.68 యూనిట్ వేడి పడుతుంది కాబట్టి 100 లీటర్లూ ఆకుల్లోంచి పోతే 68 యూనిట్ల వేడి. అంత కరెంటు ఏసీలో మిగులుతుందని కాదు, ఆ వేడిలో ఎక్కువ భాగం ఎండది, గాలిది. గోడకు ముఖ్యమైన లాభం నీడే.

పాకెట్లు కావాలనే ఉంటే తూర్పు వరండాలో రెండు చదరపు మీటర్లకు పెట్టుకోండి. అక్కడ పైవరస ఎండి, కిందివరస కుళ్లడం మామూలే. మోటారు ఆగాక నిలువు పైపులో మిగిలిన నీరంతా కింది డ్రిప్పర్లలోంచి కారిపోవడం వల్ల అలా అవుతుంది. నీరు ఆగగానే మూసుకునే డ్రిప్పర్లు వేసి, ఒకేసారి పావుగంట కాకుండా రోజుకు నాలుగుసార్లు మూడేసి నిమిషాలు టైమర్ పెట్టండి. కింద ట్రేలో నీరు నిలిస్తే దోమలకు వారం చాలు.

గోరంట్ల_ఇల్లు:
చాలా థాంక్సండీ. తీగలే వేస్తాం. ఎప్పుడు నాటాలి, కత్తిరింపు ఎప్పుడు?

తీగమల్లె:
తొట్టి, మెష్ మే లోపు పూర్తి చేసి మృగశిర కార్తె వానలు పడ్డాక నాటండి. మొదటి వేసవికి సగం గోడే నిండుతుంది, కాబట్టి ఆ ఏడాది పైభాగానికి షేడ్ నెట్ కట్టుకోండి. కత్తిరింపు ఏటా అక్టోబరులో, తుపాన్లకు ముందు, మూడో వంతు.