వేడెక్కితే అందుకోని బండి: మిర్చి యార్డు లైన్లో పరువు పోతోంది

పల్నాడు బండి:
అన్నలకు నమస్కారం. నాది ఆరు టైర్ల బండి, నాలుగు సిలిండర్లు, 2018 మోడల్, బీఎస్-4. సొంత బండే, నేనే తోలుకుంటా. ఇప్పుడు మిర్చి సీజను గదా, రెంటచింతల చుట్టుపక్కల ఊళ్ల నుంచి గుంటూరు యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలుతున్నా.

తెల్లారగట్ల సగం సెల్ఫుకే అందుకుంటది. దారిలో లాగుడుకి లోటు లేదు, నల్లపొగ లేదు, మైలేజీ కూడా పెద్దగా పడలేదు. యార్డు దగ్గర లైన్లో ఇంజన్ ఆపి, పది నిమిషాలాగి సెల్ఫ్ కొడితే మాత్రం తిరుగుతానే ఉంటది, అందుకోదు. ముందు బండ్లు జరిగిపోతాయి, వెనకోళ్లు హారన్ కొడతారు, ఆ ఘాటుకి తుమ్ములొకటి. క్యాబిన్ లేపి నలభై నిమిషాలు గాలి తగలనిస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతది. మొన్న పిడుగురాళ్లలో టీ తాగడానికి ఆపినా ఇదే గోల. అప్పట్నుంచి లైన్లో ఇంజన్ ఆపడం మానేశా. రెండు గంటలు ఊరికే డీజిల్ కాలిపోతంది.

మెకానిక్ చెప్పాడని క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుడు చూసేది) మార్చా, డీజిల్ ఫిల్టర్ మార్చా, బ్యాటరీ కొత్తది వేశా. స్కానర్ పెడితే ఫాల్ట్ కోడ్ ఏమీ లేదంట. ఇప్పుడు హైప్రెషర్ పంపు మార్చాలంటున్నాడు. దాని రేటు విన్నాక నిద్ర పట్టట్లేదు. ఏం చేసేది?

చేబ్రోలు కుర్రోడు:
ఎర్త్ కేబుల్ చూశావా బ్రో? నా బండికి ఛాసిస్ దగ్గర బోల్టు తుప్పు పట్టి, వేడి మీద సెల్ఫ్ బరువుగా తిరిగేది. కేబుల్ మార్చాక సెట్ అయింది.

పల్నాడు బండి:
చూశా బ్రో, శుభ్రం చేసి బిగించా. సెల్ఫ్ చలిలో ఎంత స్పీడో వేడిలోనూ అంతే.

పాత స్టీరింగు:
అబ్బాయ్, తొంభైల్లో నాకో చిన్న లారీ ఉండేది, రోటరీ పంపుది. దానిదీ ఇదే జబ్బు. ఎండాకాలం ఆపితే అంతే సంగతులు. గోనెసంచి నీళ్లల్లో ముంచి పంపు మీద కప్పేవాణ్ణి, బీడీ ఒకటి కాల్చేలోపు అందుకునేది. ఎవరన్నా అడిగితే పంపుకి జ్వరం వచ్చిందయ్యా అనేవాణ్ణి. పంపులో హెడ్డు అరిగిందని తర్వాత తెలిసింది. పెద్ద లారీల లైన్ పంపులకి ఇంత బాధ ఉండేది కాదు.

పంపు రూమ్:
బాబాయ్ చెప్పిన గోనెసంచిలోనే జవాబుంది. బెజవాడ ఆటోనగర్లో నాకు పంపులు, నాజిళ్ల పనే. తమ్ముడూ, పంపు ఇప్పుడే కొనమాక. అది చెడిపోయి ఉండొచ్చు, ఉండకపోనూ వచ్చు. చూడకుండా మార్చేది మాత్రం కాదు.

నీది కామన్ రైలు, అంటే హైప్రెషర్ పంపు తోసిన డీజిల్ ముందు రైలు అనే గట్టి గొట్టంలో నిండి, అక్కణ్ణుంచి నాలుగు ఇంజెక్టర్లకి పోతుంది, అవి సిలిండర్లలోకి చిమ్ముతాయి. రైల్లో ఒక స్థాయి ప్రెషరు రాందే ఈసీఎం, అదే ఇంజన్ కంప్యూటరు, ఇంజెక్టర్లని తెరవనివ్వదు. ఆ అంకె బండిని బట్టి మారుతుంది గానీ 200 బార్ల అటూఇటూ అనుకో. సెల్ఫ్ మీద ఇంజన్ తిరిగేది నిమిషానికి రెండొందల చుట్లు, పంపు ఇచ్చే డీజిల్ బొట్టు బొట్టే. ఆ బొట్టు కూడా ఎక్కడో కారిపోతుంటే రైలు నిండదు. రోడ్డెక్కాక పంపు కావలసినదానికన్నా బాగా ఎక్కువ తోస్తుంది కాబట్టి కారేది పోను మిగిలేదే చాలు. అందుకే నీకు లాగుడులో తేడా తెలియట్లేదు.

మరి చలిలో ఎందుకు బాగుందంటే, చల్లటి డీజిల్ చిక్కగా ఉంటుంది. ఇంజెక్టర్ లోపల సందులు మైక్రాన్లలో ఉంటాయి. కొంచెం అరిగినా చిక్కటి డీజిల్ ఆ సందుని మూసినట్టు నిలబడుతుంది. వేడెక్కి పలచబడిందా, జారిపోతుంది. పైగా నువ్వు ట్యాంకులో డీజిల్ అడుగునే పెట్టుకు తోలితే, ఇంజన్ దగ్గర మిగిలి వెనక్కొచ్చే రిటర్న్ డీజిల్ వేడికి ట్యాంకులోదంతా కాగుతుంది. లైన్లో ఉన్నప్పుడు ట్యాంకు ఎంత ఉంటుందో రాయి.

చేయాల్సింది చెప్తా. బండి మొరాయించినప్పుడే, సెల్ఫ్ కొడుతూ ఆర్పీఎం ముల్లు చూడు. కొన్ని బండ్లలో కదలదు గానీ నీదాంట్లో కొంచెం లేస్తుంటే సెన్సర్ గొడవ వదిలెయ్. స్కానర్ ఉంటే ఫాల్ట్ కోడ్ కోసం కాదు, సెల్ఫ్ మీద రైలు ప్రెషరు ఎంత వస్తోందో చూడమను. కోడ్ లేదంటే రోగం లేదని కాదు. ప్రెషరు రాకపోతే తడిగుడ్డ హైప్రెషర్ పంపు మీద వేసి పది నిమిషాలాగు. కనెక్టర్ల మీద తడి పడనీయకు, కాగిన ఇంజన్ మీద నీళ్లు మాత్రం గుమ్మరించకు, ఇంజన్ హెడ్డు పగిలితే నన్ననొద్దు. గుడ్డకి అందుకుంటే లోపల కారుతున్నట్టే, కానీ ఎక్కడో ఇంకా తేలనట్టే.

తేల్చేది సీసాల పరీక్ష. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు ఊడదీసి, మందుల షాపులో దొరికే సెలైన్ పైపులు తగిలించి, ఒకే సైజు సీసాల్లో పెట్టు. పది సెకన్లు సెల్ఫ్, రెండు నిమిషాలు ఆగు, మళ్లీ పది సెకన్లు. అంతకు మించి తిప్పితే సెల్ఫ్ కాలుతుంది. బాగున్న ఇంజెక్టర్ నుంచి చుక్కలే వస్తాయి. ధార వచ్చిందంటే అదే దొంగ. నాలుగింటా చుక్కలే ఉండి ప్రెషరు రాలేదంటే రైలు చివర లిమిటర్ వాల్వు (ప్రెషరు మరీ ఎక్కువైతే వదిలేది) పైపు ఊడదీసి చూడు, అక్కడ కారకూడదు. అదీ బాగుంటేనే పంపు మీద అనుమానం.

ఒకటి గట్టిగా చెప్తున్నా: పాత బండ్లకి లాగా నాజిల్ పైపు నట్టు వదులు చేసి డీజిల్ చూడొద్దు. నడుస్తుంటే రైల్లో 1,600 బార్ల దాకా ఉంటుంది. చర్మంలోకి దూరితే వేలు కాదు, చెయ్యే పోతుంది.

పల్నాడు బండి:
అన్నా, ఆర్పీఎం ముల్లు లేస్తంది. ట్యాంకు మీరన్నట్టే పావుకి తక్కువ. గుడ్డ వేస్తే పన్నెండు నిమిషాలకి అందుకుంది. ఇవాళ పొద్దున గ్యారేజీలో సీసాలు పెట్టించా, నాలుగూ సమానంగా ఉన్నాయి. ఇక పంపే అంటున్నాడు.

పంపు రూమ్:
పొద్దున అంటే బండి చల్లగా ఉంది గదయ్యా! జ్వరం తగ్గాక థర్మామీటర్ పెడితే ఏం చూపిస్తుంది? ఒక లోడు తోలి, మొరాయించిన చోటే పెట్టు.

పల్నాడు బండి:
పెట్టా అన్నా. నిన్న మధ్యాహ్నం పిడుగురాళ్ల దాటాక చెట్టు కింద, క్లీనరు సీసాలు పట్టుకుంటే నేను సెల్ఫ్ కొట్టా. మూడు సీసాల్లో అడుగున తడి, మూడో నంబరు ఇంజెక్టర్ సీసాలో నాలుగు వేళ్ల డీజిల్! మా వాడు సీసా పైకెత్తి చూపిస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, సెన్సరూ బ్యాటరీ ఊరికే కొన్నానే అని.

నాలుగు ఇంజెక్టర్లూ ఊడదీయించి నరసరావుపేటలో ఒక పంపు రూముకి ఇచ్చా. మిషను మీద కూడా మూడోదే కారింది, మిగతావి పర్లేదన్నారు.

పంపు రూమ్:
మంచిది. కింద రాగి వాషర్లు నాలుగూ కొత్తవి వేయించు, పాతవి తిప్పి వేస్తే కంప్రెషన్ లీకవుతుంది. కొత్త ఇంజెక్టర్ మీద ఉండే కోడ్ స్కానర్‌తో ఈసీఎంలో ఎక్కించాలి, చాలామంది వదిలేస్తారు. ఇంతకీ డీజిల్ ఎక్కడ కొట్టిస్తున్నావ్?

పల్నాడు బండి:
సీజన్లో టైము లేక ఊళ్లో డ్రమ్ముల్లో అమ్మే డీజిలు, డబ్బాతో పోయించుకుంటా. ఫిల్టరు కూడా తక్కువ రేటుదే వేశా.

పంపు రూమ్:
ఇంకేం అడగను.

పల్నాడు బండి:
మూడోది కొత్తది వేయించా అన్నా. ఇవాళ లైన్లో ఏడుసార్లు ఆపా, ఏడుసార్లూ అందుకుంది. కాకపోతే వేడి మీద మూడు నాలుగు సెకన్లు తిరిగాక అందుకుంటంది, చలిలో వెంటనే.

పంపు రూమ్:
మిగతా మూడూ దాని ఈడువేగా. ట్యాంకు సగానికి తగ్గనీయకుండా సీజను వెళ్లదీయి. ఆ సెకన్లు పెరుగుతుంటే రాసుకో. యార్డుకి ఎండాకాలం సెలవులిచ్చాక బండి తీసుకురా, రైలు లిమిటర్ కూడా చూద్దాం. డబ్బా డీజిల్ మాత్రం ఇవాళ్టితో ఆపు.

పాత స్టీరింగు:
గోనెసంచి మాత్రం క్యాబిన్లో పడేసుంచు అబ్బాయ్.