పైఆడియోలో -9981 ఎర్రర్: చదివే థ్రెడ్ ఎందుకు వెనకబడుతోంది?

మాది కావలి. జువ్వలదిన్నె తీరంలో వలలు బాగుచేసే పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసి, అప్పటికప్పుడే అక్షరాల్లో పెట్టే పైథాన్ ప్రోగ్రాం రాస్తున్నాను. మైకు నుంచి ఆడియో తీసుకోడానికి పైఆడియో లైబ్రరీ వాడుతున్నాను. ఒక థ్రెడ్ మైకు నుంచి చదివి క్యూలో వేస్తుంది, ఇంకోటి మాటలు గుర్తుపడుతుంది. శాంపిల్ రేటు సెకనుకి 16000, బఫర్ 1024 శాంపిళ్లు. అంటే ముక్కకి 64 మిల్లీసెకన్లే.

గుర్తుపట్టే పని మొదలవగానే 'ఇన్‌పుట్ ఓవర్‌ఫ్లోడ్' (చదివేలోపే బఫర్ నిండిపోయింది), -9981 వస్తోంది. ఓవర్‌ఫ్లో అయితే ఎర్రర్ ఇచ్చే exception_on_overflow సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే ఎర్రర్ పోతుంది గానీ ఆడియో మధ్యలో ఎగిరిపోతోంది. 'జువ్వలదిన్నె' అంటే 'దిన్నె' ఒక్కటే మిగులుతోంది. ఆ పెద్దాయన అదే మాట మళ్లీ అదే తీరుగా చెప్పడు కదా, అందుకే ఒక్క ముక్క కూడా పోకూడదు.

జీఐఎల్ (ఒకేసారి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం) వల్ల చదివే థ్రెడ్‌కి వంతు అందట్లేదని నా అనుమానం. గుర్తింపుని మల్టీప్రాసెసింగ్‌తో వేరే ప్రాసెస్‌కి పంపాలా, కాల్‌బ్యాక్ మోడ్ (ఆడియో రాగానే పైఆడియోనే మన ఫంక్షన్‌ని పిలిచే పద్ధతి) సరిపోతుందా?

ఇంకోటి. ఆపమన్నప్పుడు మెయిన్ థ్రెడ్ స్ట్రీమ్ మూసేస్తే, చదివే థ్రెడ్ -9988 (స్ట్రీమ్ మూసేశారు) ఎర్రర్‌తో పడిపోతోంది. ఈవెంట్ (థ్రెడ్‌కి ఆగమని చెప్పే గుర్తు) పెట్టి చదివే థ్రెడ్‌చేతే స్ట్రీమ్ మూయించడం సరైన పద్ధతేనా? తెలిసినవాళ్లు చెప్పండి.