కుర్రాళ్ల ఫొటోల కింద "సూపర్" కాకుండా ఏం రాయాలి?

గట్టుమీద కెమెరా:
నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర. మా వైపు ఫొటోలు తీసేవాళ్లమంతా కలిసి ఒక చిన్న గ్రూపు నడుపుకుంటున్నాం. అందులో ఎవరేం పెట్టినా "సూపర్ అన్నా", "కేక", ఇంకో నాలుగు చప్పట్ల బొమ్మలు, అంతటితో సరి. ఈ మధ్య చేరిన కాలేజీ కుర్రాళ్లు మాత్రం బాగుందనడం మానేసి ఎక్కడ తేడా కొట్టిందో చెప్పమని అడుగుతున్నారు. వయసులో పెద్దవాణ్నని ఆ పని నాకు అంటగట్టారు. ఫొటో చూడగానే ఏది బాలేదో నాకు తెలుస్తుంది గానీ, దాన్ని వాళ్లకు పనికొచ్చేలా ఎలా రాయాలో తెలియట్లేదు.

ఈ వారం మూడొచ్చాయి. ఒకటి, సార్వా (వానాకాలం వరి) నాట్లకి చేను దమ్ము చేస్తున్న ట్రాక్టర్ వెనక కొంగల గుంపు, గట్టు మీద నిలబడి తీసింది. కొంగలన్నీ తెల్లటి మచ్చల్లా ఉన్నాయి, ఈకలే కనబడవు. రెండోది నరసాపురం రేవు నుంచి సూర్యోదయం, నది మధ్యలో జనంతో, బళ్లతో వస్తున్న పంటు (నది దాటించే పెద్ద పడవ). అవతలి ఒడ్డు కుడివైపుకి వాలింది, రంగులు మరీ నారింజ. మూడోది కొంగ గూట్లో పిల్లలు, బాగా దగ్గర నుంచి. ఏది ముందు చెప్పాలి, ఎంత చెప్పాలి? అన్నీ రాస్తే చదివేవాడు పారిపోతాడేమోనని టెన్షన్.

వశిష్ఠ ఒడ్డు:
ముందు తీసినవాడిని ఒక ప్రశ్న అడగండి సార్, అక్కడ నీకేం నచ్చి కెమెరా తీశావు అని. ట్రాక్టర్ చుట్టూ ఆ గోలంతా నచ్చిందా, ఒక కొంగ కప్పని పట్టడం నచ్చిందా? దాన్నిబట్టి మీ సలహా మొత్తం మారిపోతుంది. ఇది అడక్కుండా చెప్పే సలహా ఏదైనా మన ఫొటోని వాడితో తీయించడమే.

కొంగల సంగతికొస్తే, "ఓవర్ ఎక్స్‌పోజ్ అయింది" (వెలుతురు ఎక్కువైంది) అని రాసి వదిలేస్తే వాడికి ఒరిగేదేం లేదు. ఎందుకైందో చెప్పండి. ఫ్రేము నిండా నల్ల బురద ఉంటే కెమెరా దాన్ని వెలుతురు తక్కువ అనుకుని మొత్తం పెంచేస్తుంది, మధ్యలో ఉన్న తెల్ల పక్షి కాలిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటోలో వెలుతురుని పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ ఒకటి దగ్గర పెట్టి ఒకటి తియ్యమనండి, కెమెరాలో హైలైట్ వార్నింగ్ (మరీ తెల్లగా కాలిపోయిన చోటు స్క్రీన్ మీద మినుకుమనేది) ఆన్ చేసుకుని, కొంగ మీద మినుకుమినుకుమంటుంటే ఇంకాస్త తగ్గించమనండి. జేపెగ్‌లో (కెమెరా కుదించి ఇచ్చే మామూలు ఫొటోలో) తెల్లగా పోయింది ఇంటికొచ్చాక ఏం చేసినా రాదు, రా ఫైల్ (కెమెరా పట్టినదంతా కుదించకుండా దాచే ఫైల్) అయితే కొంత వెనక్కి లాగొచ్చు. ఇక్కడ ఇంకో నష్టం కూడా ఉంది, అది తప్పకుండా చెప్పండి. సార్వా దమ్ముల టైముకి పశువుల వెంట తిరిగే ఆ చిన్న కొంగలకి తల మీద, మెడ మీద నారింజ రంగు ఈకలొస్తాయి. దాళ్వాలో (రెండో పంటప్పుడు) తీస్తే ఆ రంగుండదు. ఏడాదిలో ఆ కాస్త కాలమే దొరికే రంగు వాడి ఫొటోలో తెల్లగా కొట్టుకుపోయింది. ఇది వింటే వాడే రేపు పొద్దున్న మళ్లీ చేలోకి వెళ్తాడు.

గట్టు మీద నిలబడి తీస్తే కొంగ వెనకంతా బురదే వస్తుంది. కూర్చుంటే, కుదిరితే కెమెరాని మోకాలి ఎత్తుకి దించితే, వెనకాల దూరంగా ఉన్న కొబ్బరితోట మసగ్గా పడుతుంది, పక్షి విడిగా కనబడుతుంది. ప్యాంటు పాడవుతుందని ముందే చెప్పండి.

పొద్దున్నే పంటు:
రెండో ఫొటో గురించి నాదో మాట. ఒడ్డు వాలిందని వెంటనే తిప్పి కోసెయ్యమనకండి. నది ఒడ్డు సముద్రం గీత లాంటిది కాదు. ఒక వైపు మనకి దగ్గరగా, ఇంకో వైపు దూరంగా ఉంటే కెమెరా సరిగ్గా ఉన్నా ఆ గీత వాలుగానే కనిపిస్తుంది. అవతల సఖినేటిపల్లి వైపు కొబ్బరిచెట్లని చూసి నిర్ణయించకండి, అవి ఎటు వాలాలో వాటికే తెలీదు. నీళ్లలో నీడ చూడండి. దీపం గానీ స్తంభం గానీ, దాని నీడ సరిగ్గా దాని కిందే పడాలి. పక్కకి జరిగిందంటే అప్పుడు కెమెరా వంగినట్టు.

రంగుల విషయంలో మాత్రం నిర్మొహమాటంగా చెప్పాల్సిందే. శాచురేషన్ (రంగుల గాఢత) లాగితే ముందు ఎరుపు నిండిపోయి సూర్యుడి చుట్టూ మెట్లుమెట్లుగా వలయాలు వస్తాయి. ఆ చోటు పెద్దది చేసి చూపించండి చాలు, నా మాట నమ్మమని అడగక్కర్లేదు.

పైన వశిష్ఠ ఒడ్డు గారన్నది నిజమే గానీ, కుర్రాళ్లలో సగం మందికి ఏం నచ్చి తీశారో చెప్పడం రాదండి, "ఊరికే బాగుంటే తీశానండి" అంటారు. అలాంటప్పుడు మనకేం కనబడిందో మనమే చెప్పాలి. నాకైతే ఆ ఫొటోలో సూర్యుడికన్నా పంటు మీద జనం ముఖ్యం. పంటు ముందుభాగం ఫ్రేము అంచుకి ఆనుకుని ఇరుక్కుంది. అది కదిలే వైపు ఖాళీ వదిలి, సూర్యుడు సగం తెగినా పర్వాలేదనుకుని తీసి ఉంటే వేరే ఫొటో అయ్యేది.

మడచెట్టు:
మూడోది అందరూ దాటేశారు. ఆ ఫొటో వివరాల్లో ఫోకల్ లెంగ్త్ (లెన్సు ఎంత దగ్గరకి లాగిందో చెప్పే అంకె, 55 అంటే పెద్దగా లాగనట్టే) చూశారా? 55 మిల్లీమీటర్లతో గూడు ఫ్రేము నిండిందంటే చెట్టెక్కి గానీ కొమ్మ వంచి గానీ తీసుండాలి. దీనికి వెలుతురు, ఫోకస్ అంటూ సలహాలివ్వకండి. ఇస్తే ఇంకా బాగా తీద్దామని మళ్లీ ఎక్కుతాడు. తల్లి ఎగిరిపోతే ఈకలు రాని పిల్లలు ఎండకి మాడతాయి, కాకులు కాచుక్కూర్చునుంటాయి. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అనే మాటకిచ్చిన నిర్వచనంలోనే అడవి పక్షుల గూళ్లకి భంగం కలిగించడం కూడా ఉంది. అది అతనికి తెలిసుండదు, తిట్టాల్సిన పనిలేదు. అందరి ముందూ కాకుండా ఫోన్ చేసి చెప్పండి, ఫొటో తీసేయించండి, ఏ ఊరో ఏ చెట్టో రాసుంటే అది ముందు తీసేయించండి. కోరింగ మడ అడవిలో నీటికుక్కల ఫొటోలకి కూడా నేనిదే అంటాను, ఏ పాయలో కనబడ్డాయో రాయొద్దని.

గట్టుమీద కెమెరా:
గూడు కుర్రాడికి ఈ సాయంత్రమే ఫోన్ చేస్తానండి. ఇంకో సందేహం. ఇద్దరు ముగ్గురి దగ్గర మొబైలే ఉంది. వాళ్లకీ ఇవన్నీ చెప్పాలా?

వశిష్ఠ ఒడ్డు:
వెలుతురు సంగతి వాళ్లకీ అంతే. స్క్రీన్ మీద కొంగని తాకి, పక్కనొచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగితే చాలు. ఒక్కటే మానమనండి, వేళ్లతో జూమ్ చేసి పక్షిని పెద్దది చేయడం, ఈకల బదులు ముద్ద వస్తుంది. మొబైల్ ఉన్నవాడిని పక్షిని చిన్నదిగానే ఉంచి చుట్టూ ఉన్న చోటుని తియ్యమనండి. కోరింగలో చెక్కవంతెన మీద నిలబడి, ఆటు టైములో నీళ్లు దిగి మడచెట్ల వేళ్లు బయటపడ్డాక, ఆ బురదలో ఒక్క కొంగ నడుస్తుంటే దానికి పెద్ద లెన్సు అక్కర్లేదు. వెళ్లేముందు పోటు ఎప్పుడో అక్కడి పడవవాళ్లని అడిగి వెళ్లమనండి, పోటు మీద వెళ్తే నీళ్లు, ఆకులు తప్ప ఏమీ కనబడవు.