ఫిట్స్ ట్యూబు: మొదలవగానే వేయాలా, 5 నిమిషాలు ఆగాలా?

నాలుగేళ్ల బాబు అమ్మ:
ఫిట్స్ వస్తే మలద్వారంలో వేయమని మా బాబుకు డయాజెపామ్ ట్యూబులు రెండు రాసిచ్చారు డాక్టరు గారు. 5 నిమిషాలు దాటితేనే వేయమన్నారు. పోయిన నెల వచ్చినప్పుడు నేను ఆగలేకపోయాను. కళ్లు తేలేసి, పెదాలు నీలంగా మారుతుంటే గడియారం చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు. నిమిషం కాకముందే వేసేశాను. కాసేపట్లో తగ్గింది. మా ఆయన మాత్రం తొందరపడ్డావంటున్నారు. మీరేమంటారు?

పాతికేళ్ల మూర్ఛ:
మీరు చేసింది నాకు తప్పుగా అనిపించడం లేదండి. నాకు ఫిట్స్ ఒకసారి మొదలైతే వాటంతట అవి ఆగవు, ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. అందుకే మా డాక్టరు నా కాగితంలో 2 నిమిషాలకే వేయమని రాశారు. అందరికీ 5 నిమిషాలే అనడం నేను ఒప్పుకోను.

రాత్రి డ్యూటీ నర్సు:
మీ కాగితం మీకు సరైనదే. అది మీ ఫిట్స్ తీరు చూసి రాసింది. బాబు సంగతి వేరు.

అమ్మా, కోప్పడడానికి కాదు, ఇది తెలియాలని చెబుతున్నాను. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లోపు వాటంతట అవే ఆగిపోతాయి. ఈ మందు పేగు గోడ నుంచి రక్తంలోకి చేరి పనిచేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అంటే ఆ రోజు ఫిట్స్‌ను ఆపింది మందే అని చెప్పలేం. కానీ మందు మాత్రం ఒంట్లోకి వెళ్లింది. ఫిట్స్ తర్వాత పిల్లలు ఎలాగూ మగతగా పడుకుంటారు, దానిమీద మందు మత్తు. ఊపిరి నెమ్మదిస్తే అది దేనివల్లో పోల్చుకోవడం కష్టం. సాయంత్రం మళ్లీ వచ్చి 5 నిమిషాలు దాటితే, అప్పటికే ఒక డోసు పడి ఉంటుంది.

5 నిమిషాల లెక్క ఎవరో ఊరికే పెట్టింది కాదు. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ అంతసేపు ఆగకపోతే, ఇక తనంతట తాను ఆగే అవకాశం తగ్గిపోతుంది. అందుకే మూర్ఛ వైద్యుల అంతర్జాతీయ సంఘం 2015లో దాన్నే అత్యవసర స్థితికి హద్దుగా పెట్టింది.

కాబట్టి మొదలవగానే ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. పక్కకు తిప్పండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. ట్యూబు వేయాల్సి వస్తే పైకాలు మడిచి, ట్యూబు మొనకు కాస్త జెల్లీ రాసి మలద్వారంలోకి పెట్టి నొక్కండి. నొక్కిన ట్యూబును వదలకుండా, అలా నొక్కి పట్టుకునే బయటికి తీయండి. వదిలితే మందు తిరిగి ట్యూబులోకే వస్తుంది. తర్వాత పిరుదులు కాసేపు దగ్గరగా పట్టి ఉంచండి. ఛాతీ లేస్తోందో లేదో చూస్తూ పక్కనే ఉండండి. మందు వేశాక కూడా 5 నిమిషాల్లో ఆగకపోయినా, ఊపిరి సరిగా ఆడకపోయినా, నీలం తగ్గకపోయినా అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి.

పదిహేడేళ్లవాడి నాన్న:
నర్సు గారు చెప్పిందంతా సరే. కానీ అసలు ఈ పద్ధతే మారాలని నా పట్టుదల. మావాడికి క్లాసులో వచ్చినప్పుడు నలుగురిలో ప్యాంటు దించాల్సి వచ్చింది. టీచరు తన చున్నీ అడ్డం పట్టుకుని నిలబడ్డారు. వాడు ఆ తర్వాత రెండు వారాలు బడికి వెళ్లనన్నాడు. బుగ్గలో వేసే మిడజోలామ్ మందు ఉండగా ఇంకా ఇదెందుకు?

రాత్రి డ్యూటీ నర్సు:
ఈ మాటలో నేను మీ పక్షమే. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో పిల్లల్లో బుగ్గ మందే మెరుగ్గా పనిచేసింది. ముక్కులో కొట్టే స్ప్రే కూడా ఉంది. డాక్టరును గట్టిగా అడగండి. అయితే మందు మారితే డోసు కూడా మారుతుంది, పాత కొలతతో వేయొద్దు.

నిద్రపట్టని మనిషి:
మా ఇంట్లో ఒక ట్యూబు మిగిలి ఉంది. నాకు టెన్షన్ ఎక్కువై గుండె దడదడలాడుతుంది. ఆందోళనకు ఇచ్చే మాత్రలోనూ ఇదే మందు కదా, అప్పుడు వాడుకుంటే ఏం?

పాతికేళ్ల మూర్ఛ:
దయచేసి వద్దండి! ఆ డోసు వేరే మనిషి బరువు, వయసు చూసి లెక్కగట్టింది. మద్యం, మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ నొప్పి మందులు దీనితో కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు, పక్కన చూసేవాళ్లు కూడా ఉండరు. పైగా అలవాటు పడతారు. నేను రోజూ వేసుకునే ఇదే జాతి మాత్ర ఒకసారి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ ముందుకన్నా ఘోరంగా వచ్చాయి. అసలు ఫిట్సే లేనివాళ్లకు కూడా అలా మానేస్తే రావచ్చని అప్పుడే తెలిసింది. ఈ జాతి మందులన్నిటి మీదా అలవాటు గురించి అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020లో పెద్ద హెచ్చరిక పెట్టించింది. మీ దడ నిజమే, దానికి వైద్యం ఉంది. డాక్టరుకు చూపించుకోండి.

నాలుగేళ్ల బాబు అమ్మ:
నర్సు గారూ, చదివి ఏడ్చాను, కానీ మంచిదైంది. ఎన్ని నిమిషాలకు వేయాలో, రెండోది ఎప్పుడు వేయొచ్చో డాక్టరు చేత పెద్ద అక్షరాలతో రాయించుకుంటాను. ఇప్పుడే డబ్బా తీసి చూశాను, మిగిలిన ట్యూబుకు గడువు పోయిన నెలతోనే అయిపోయింది. రేపు పొద్దున్నే కొత్తది తెస్తాను.