కంపెనీ బ్యాటరీ దొరకనప్పుడు బయట కట్టించిన ప్యాక్ వేయించుకోవచ్చా?

గుంటూరు_బండి:
2021లో కొన్న ఎలక్ట్రిక్ స్కూటర్. మొదట్లో ఒక ఛార్జింగ్‌కి 70 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 25 రావడమే గగనం. డీలర్ షాపు ఎత్తేశాడు. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ మోడల్ ఆపేశామంటున్నారు. ఊళ్లో ఒకతను కొత్త సెల్స్‌తో బ్యాటరీ ప్యాక్ కట్టిస్తాను, ఏడాది గ్యారంటీ అంటున్నాడు. ఇంట్లో అందరూ వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

ఇందూరు_వాసి:
మీ ఇంట్లోవాళ్ల మాట వినండి. 2022 ఏప్రిల్‌లో మా నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయారు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ ఇంకొకరి ప్రాణం తీసింది. బండి కొని ఒక్క రోజే అయింది. దీనికన్నా అమ్మేసి పెట్రోల్ బండి కొనుక్కోవడం నయం.

డెలివరీ_తమ్ముడు:
అన్నా, ఆ రెండూ బయట కట్టించినవి కావు, బండితోపాటు వచ్చినవే. మరి కంపెనీ బ్యాటరీ అయితే భయం లేదని ఎలా అంటాం? నాలాంటి వాళ్లకి రోజుకు వంద కిలోమీటర్లు తిరిగితేనే పూట గడిచేది. కంపెనీ వాళ్లు చెప్పే రేటుకి పాత బండే ఇంకోటి వస్తుంది. పైగా బండితో కలిపి కొంటే 5 శాతం జీఎస్టీ, అదే బ్యాటరీ విడిగా కొంటే 18. పాత బండి నడుపుకునేవాడికి ఈ వాత దేనికో!

ఇందూరు_వాసి:
ఆ ప్రమాదాల తర్వాతే కదా తమ్ముడూ ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రత రూల్స్ బిగించింది. 2022 డిసెంబరు నుంచి కొన్ని, 2023 మార్చి ఆఖరు నుంచి మిగతావి వచ్చాయి. ప్యాక్‌లోకి నీళ్లు దిగకూడదు, ఒక సెల్ చెడినా మొత్తం అంటుకోకూడదు, ఇలా పరీక్షలున్నాయి. సందులో కూర్చుని కట్టే ప్యాక్‌కి అవన్నీ ఎవరు చేస్తారు?

ప్యాక్_మేస్త్రి:
ఈ పని చేసేవాణ్ణి కాబట్టి నా వైపు మొగ్గు ఉంటుంది, అది పక్కన పెట్టి చదవండి. బయట కట్టిన ప్రతి ప్యాకూ చెడ్డదేం కాదు. పాత ల్యాప్‌టాప్ సెల్స్ ఏరి, కొత్త రేపర్ తొడిగి కట్టేవాళ్లతోనే చిక్కు. సెల్స్ అన్నీ ఒకే బ్యాచ్‌వా, బీఎంఎస్‌కి (సెల్స్ మితిమీరి ఛార్జ్ కాకుండా చూసే సర్క్యూట్) టెంపరేచర్ సెన్సర్ ఉందా అని ముందు అడగండి. మనవాళ్లెవరూ పట్టించుకోనిది ఛార్జర్. గుంటూరు గారూ, మీ ఛార్జర్ వెనక లేబుల్ మీద ఎన్ని వోల్టులని ఉంది? కొత్త ప్యాక్‌లో సెల్స్ ఏ రకం, ఎల్‌ఎఫ్‌పీనా (లిథియం ఐరన్ ఫాస్ఫేట్), ఎన్‌ఎంసీనా (నికెల్ మాంగనీస్ కోబాల్ట్)?

గుంటూరు_బండి:
ఇప్పుడే చూశాను. 73 వోల్టులు అని ఉంది. షాపతనికి ఫోన్ చేస్తే ఎన్‌ఎంసీ, 16 సిరీస్ (16 సెల్స్ ఒకదాని తర్వాత ఒకటి కలిపినది) అన్నాడు. ఛార్జర్ పాతదే సరిపోతుందట.

ప్యాక్_మేస్త్రి:
అయితే ఆ షాపు వదిలేయండి. 73 అంటే 20 సెల్స్ సిరీస్‌లో ఉన్న ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్‌కి ఇచ్చే ఛార్జర్. ఒక్కో సెల్‌కి 3.65 వోల్టులు పడుతుంది. అదే 73ని 16తో భాగించండి, 4.56 వస్తుంది. ఎన్‌ఎంసీ సెల్‌ని 4.2 దాటనివ్వకూడదు. మధ్యలో అడ్డుపడేది బీఎంఎస్ ఒక్కటే. చవక బీఎంఎస్ ఆ పని ఎగ్గొట్టిన రోజు ఏమవుతుందో ఇందూరు గారు పైన చెప్పారు. ఎన్‌ఎంసీనే కావాలంటే 67.2 వోల్టుల ఛార్జర్ కొత్తగా ఇవ్వాలి. లేదంటే మళ్లీ ఎల్‌ఎఫ్‌పీయే కట్టించుకోండి. బరువు కొంచెం ఎక్కువైనా వేడికి బాగా తట్టుకుంటుంది.

ఇందూరు_వాసి:
చూశారా, ఇలా లెక్క చెప్పేవాడు ఎన్ని ఊళ్లలో ఉంటాడు? అందుకే వద్దన్నాను. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి కంపెనీ మీద ఫిర్యాదు పెట్టండి. మోడల్ ఆపేస్తే ఆపుకోనీ, కొన్నవాళ్లకి బ్యాటరీ ఇవ్వాల్సిన బాధ్యత పోతుందా?

డెలివరీ_తమ్ముడు:
పెట్టమనండి, నేనూ పెడతాను. వాళ్లు జవాబిచ్చేదాకా ఆయన పనికి నడిచి వెళ్లాలా?

గుంటూరు_బండి:
ఫిర్యాదు పెట్టేశాను. మేస్త్రి గారూ, విజయవాడలో ఎల్‌ఎఫ్‌పీ కట్టి, ఛార్జర్ కూడా సరిచూసి ఇచ్చేవాళ్లు ఎవరైనా తెలుసా? ఛార్జింగ్ ఇకమీదట వరండాలోనే, అదీ పగలే.